మెదడు ఎలా పనిచేస్తుందో వెతికే కొత్త ఆలోచనలకు అమెరికా ప్రభుత్వ నిధులు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో న్యూరోసైన్స్ చదువుతున్నవాళ్లు, చదవాలనుకుంటున్నవాళ్లు, ఇంత పన్నుల డబ్బు ఎటు పోతోందని ఆలోచించేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. మందుల తయారీకి, ఆసుపత్రి ట్రయల్స్‌కి వెళ్లే భారీ నిధుల సంగతి ఇక్కడ తక్కువ. పనిచేస్తుందో లేదో ఇంకా ఎవరికీ తెలియని ఆలోచనలకు ప్రభుత్వం ఎలా డబ్బిస్తుందన్నదే ముఖ్యంగా చెప్పుకుందాం.

మెదడు సమాచారాన్ని ఎలా ప్రాసెస్ చేస్తుందన్న విషయంలో ఇంకా తెలియనిది ఏముంది?

విడి కణం సంగతి మనకు చాలావరకు తెలుసు. న్యూరాన్‌లో, అంటే మెదడు, నరాల కణంలో, విద్యుత్ సంకేతం ఎలా పుట్టి ఎలా సాగుతుందో హాజ్కిన్, హక్స్‌లీ 1952లోనే సమీకరణాలతో సహా చెప్పారు. అందుకు వాళ్లు వాడుకున్నది స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నరాన్ని. పిల్లి మెదడులో ఒక్కో న్యూరాన్ ఒక్కో వాలులో ఉన్న గీతకు మాత్రమే స్పందిస్తుందని హ్యూబెల్, వీజల్ చూపించారు. ఎలుక ఫలానా చోట ఉన్నప్పుడు మాత్రమే చురుగ్గా మారే కణాలను జాన్ ఓకీఫ్ 1971లో బయటపెట్టారు. మూడింటికీ నోబెల్ వచ్చింది.

తెలియనిదల్లా వేలు, లక్షల కణాలు కలిసి ఒక జ్ఞాపకాన్నో నిర్ణయాన్నో ఎలా తయారు చేస్తాయన్నది. సి. ఎలిగాన్స్ అనే పురుగుకు ఉన్నవి 302 న్యూరాన్లే. ఏది దేనికి కలిసి ఉందో చెప్పే పటం 1986లోనే అచ్చయింది. ఇన్నేళ్లయినా ఆ పటం ముందు పెట్టుకుని పురుగు తర్వాత ఎటు కదులుతుందో నమ్మకంగా చెప్పలేం. మనిషి మెదడులో న్యూరాన్లు సుమారు 8,600 కోట్లు. మొత్తం నడిచేది 20 వాట్ల కరెంటుతో. ఈ చివరి సంఖ్య చూసే కంప్యూటర్ ఇంజినీర్లు కూడా ఈ రంగం వైపు వస్తున్నారు.

ఇంత పనికొచ్చే విషయమైతే కంపెనీలే డబ్బు పెట్టవా?

పెడతాయి, పనికొస్తుందని తేలాక. తేలకముందు పరిస్థితి ఎలా ఉంటుందో చూడటానికి ఒక ఉదాహరణ చాలు.

1970లలో అమెరికా వాయుసేన పరిశోధన విభాగంలో హ్యారీ క్లాఫ్ అనే శాస్త్రవేత్త ఒక వింత ప్రతిపాదన చేశాడు. ప్రతి న్యూరాన్ సుఖం కోరుకునే చిన్న జీవిలాంటిదనీ, తనకు ఉత్తేజం దక్కేలా, నిరోధం తగ్గేలా తన తీరు మార్చుకుంటుందనీ అన్నాడు. అందులో నిజమెంతో చూడమని వాయుసేన డబ్బుతో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ఒక ప్రాజెక్టు మొదలైంది. అందులో చేరినవాళ్లు ఆండ్రూ బార్టో, తర్వాత ఆయన విద్యార్థి రిచర్డ్ సటన్. క్లాఫ్ చెప్పింది చెప్పినట్టు నిలబడిందని ఎవరూ అనరు కానీ, దాన్ని పట్టుకుని సాగిన పనిలోంచే ఈనాటి రీఇన్ఫోర్స్‌మెంట్ లెర్నింగ్, అంటే చేసి చూసి బహుమతిని బట్టి కంప్యూటర్ నేర్చుకునే పద్ధతి, రూపుదిద్దుకుంది.

కథ అక్కడితో ఆగలేదు. కోతుల మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలను వుల్‌ఫ్రామ్ షుల్ట్స్ రికార్డు చేస్తే, అవి బహుమతికి కాకుండా, అనుకున్నదానికీ అందినదానికీ ఉన్న తేడాకు స్పందిస్తున్నాయని తేలింది. సటన్, బార్టోల లెక్కల్లో ఉన్నదీ అదే తేడా. ఈ పోలికను షుల్ట్స్, డయాన్, మాంటేగ్ 1997లో ప్రచురించారు. మెదడు గురించిన ఊహ కంప్యూటర్ సిద్ధాంతమైంది, ఆ సిద్ధాంతం తిరిగొచ్చి మెదడును వివరించింది. 2024 సంవత్సరానికి కంప్యూటర్ సైన్స్‌లో పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు బార్టో, సటన్‌లకే ఇచ్చారు. 1970లలో ఏ కంపెనీ బోర్డు దీనికి సంతకం పెట్టి ఉండేది?

ప్రైవేటు దాతలను తీసిపారేయనక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ స్థాపకుల్లో ఒకరైన పాల్ అలెన్ 10 కోట్ల డాలర్లతో 2003లో స్థాపించిన అలెన్ ఇన్‌స్టిట్యూట్ లేకపోతే మెదడు అట్లాసుల పని చాలా వెనకబడి ఉండేది. వందల న్యూరాన్లను ఒకేసారి వినగలిగే న్యూరోపిక్సెల్స్ ప్రోబ్ తయారీకి కూడా ప్రధానంగా దాతృత్వ సంస్థలే డబ్బిచ్చాయి. కాకపోతే దాత తనకు నచ్చిన చోట ఇస్తాడు. ఏ మూలనున్న విశ్వవిద్యాలయం నుంచైనా ప్రపోజల్ పెట్టుకునే తలుపు ప్రభుత్వం దగ్గరే ఉంది.

మామూలు గ్రాంట్‌కీ అన్వేషణాత్మక గ్రాంట్‌కీ తేడా ఏమిటి?

మామూలు గ్రాంట్ కావాలంటే మీ ఆలోచన సాగుతుందని ముందే కొంత రుజువు చూపాలి. దాన్నే ప్రిలిమినరీ డేటా అంటారు. ఆ డేటా రావాలంటే ప్రయోగం చేయాలి, ప్రయోగానికి డబ్బు కావాలి. కాబట్టి అనుభవమున్న ప్రొఫెసర్లు చాలామంది సగం పని పాత గ్రాంట్ డబ్బుతో కానిచ్చేసి, ఆ పనికే కొత్తగా ప్రపోజల్ రాస్తారు. ఇది రంగంలో అందరికీ తెలిసిన రహస్యం. కొత్తగా ల్యాబ్ పెట్టినవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు.

సమీక్షకుల కమిటీలోనూ ఒక చిక్కుంది. పదిమంది కూర్చుంటే, ఎవరికీ అభ్యంతరం లేని ప్రపోజల్‌కే మంచి మార్కులు పడతాయి. ఇద్దరికి అద్భుతంగా, ముగ్గురికి అర్థం లేనిదిగా అనిపించినది మధ్యలో చిక్కుకుంటుంది. అన్వేషణాత్మక గ్రాంట్లు ఈ రెండు అడ్డంకులనూ తగ్గించడానికి పెట్టినవి.

ఈగర్ అనే పేరు తరచూ వింటున్నాం. అదేమిటి?

నేషనల్ సైన్స్ ఫౌండేషన్, అంటే ఎన్‌ఎస్‌ఎఫ్, ఇచ్చే చిన్న గ్రాంట్. 1990 నుంచి నడిచిన పాత చిన్న గ్రాంట్ల పథకం స్థానంలో 2009లో వచ్చింది. గరిష్ఠంగా 3 లక్షల డాలర్లు, గరిష్ఠంగా 2 సంవత్సరాలు. ప్రాజెక్టు వివరణ 5 నుంచి 8 పేజీలుంటే చాలు, మామూలు ప్రపోజల్‌కు 15 పేజీల దాకా రాయాలి. అన్నిటికంటే పెద్ద తేడా, దీన్ని సాధారణంగా బయటి సమీక్షకులకు పంపరు. ఎన్‌ఎస్‌ఎఫ్ లోపలి ప్రోగ్రామ్ ఆఫీసరే చదివి సిఫారసు చేస్తారు.

ఆషామాషీగా పంపేయడానికి మాత్రం వీల్లేదు. ముందు మీ ఆలోచన క్లుప్త రూపాన్ని, అంటే కాన్సెప్ట్ అవుట్‌లైన్‌ను, ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు పంపాలి. వాళ్లు చూసి రమ్మంటూ మెయిల్ పెడితేనే పూర్తి ప్రపోజల్ వేయాలి, ఆ మెయిల్‌ను దానికి జతచేయాలి. మామూలు పథకంలో ఇమిడిపోయే పనిని ఇక్కడికి తెస్తే వెంటనే అటు వెళ్లమంటారు.

మెదడు పరిశోధనలో ఈగర్ పేరు బాగా వినిపించింది 2014లో. ఆ ఏడాది ఎన్‌ఎస్‌ఎఫ్ ఒకేసారి 36 ఈగర్ గ్రాంట్లు ప్రకటించింది. ఒక్కోటి 3 లక్షల డాలర్లు, మొత్తం 1.08 కోట్ల డాలర్లు.

బయటి సమీక్ష లేకపోతే తెలిసినవాళ్లకే ఇచ్చుకోరా?

ఆ ప్రమాదం ఉంది, లేదనడం అమాయకత్వం. ప్రోగ్రామ్ ఆఫీసర్‌ను కాన్ఫరెన్సుల్లో కలిసేవాళ్లకు, వాళ్లు ఎలాంటి ఆలోచన కోసం చూస్తున్నారో ముందే అర్థమవుతుంది. చిన్న కాలేజీలో ఉన్నవాళ్లకు ఆ సంగతి చేరదు.

అదుపులు కూడా ఉన్నాయి. ఆఫీసర్ సిఫారసును పైవాళ్లు ఆమోదించాలి. స్వప్రయోజనం ఉన్నచోట ఆఫీసర్ పక్కకు తప్పుకోవాలి. శాస్త్రీయ విలువ, సమాజానికి విస్తృత ప్రయోజనం అనే రెండు కొలమానాలు దీనికీ వర్తిస్తాయి. మొత్తం 3 లక్షల దగ్గర ఆగుతుంది. గడువు పెంచి ఇంకా డబ్బు కావాలంటే అందరిలాగే పూర్తి ప్రపోజల్ రాసి, బయటి సమీక్షకు నిలబడాలి. నా లెక్కలో ఇది ఒప్పుకోదగ్గ బేరమే. ఒకరి విచక్షణను నమ్మడంలో ఉన్న నష్టం ఆ పరిమితితో హద్దులో ఉంటుంది. కమిటీల అతిజాగ్రత్త వల్ల పోయేదానికి అలాంటి హద్దేమీ లేదు, ఏం పోయిందో కూడా తెలియదు.

3 లక్షల డాలర్లతో ఏమవుతుంది?

వినడానికి పెద్ద మొత్తం. ఇందులోనే విశ్వవిద్యాలయం ఓవర్‌హెడ్ కూడా ఉంటుంది. భవనాలు, కరెంటు, అకౌంట్స్ విభాగం వగైరాలకు విశ్వవిద్యాలయం తీసుకునే వాటా అది. రేటు 50 శాతమనుకుంటే, ప్రయోగానికి మిగిలే ప్రతి 2 డాలర్లకు 1 డాలర్ అటు పోతుంది. అంటే చేతికొచ్చేది దాదాపు 2 లక్షలు. అందులో రెండేళ్లపాటు ఒక పీహెచ్‌డీ విద్యార్థి జీతం, ఫీజు, కొంత పరికరాల ఖర్చు, ప్రొఫెసర్‌కు వేసవి జీతంలో కొంత సరిపోతాయి. పోస్ట్‌డాక్‌ను, అంటే పీహెచ్‌డీ అయిపోయిన పరిశోధకుణ్ణి, పెట్టుకుంటే ఇంకేమీ మిగలదు.

కాబట్టి ఈ డబ్బుతో కొత్త మైక్రోస్కోపు కొని ల్యాబ్ కట్టేయడం కుదరదు. ఉన్న పరికరంతో లేని ప్రశ్న అడగడానికి సరిపోతుంది. సిద్ధాంతం, మోడలింగ్ చేసేవాళ్లకు మాత్రం ఇదే డబ్బు చాలా దూరం వస్తుంది, వాళ్లకు కావాల్సింది మనుషులూ కంప్యూటర్ సమయమూ మాత్రమే కాబట్టి.

ఓవర్‌హెడ్ మీద 2025లో పెద్ద గొడవే జరిగింది. దాన్ని 15 శాతానికి కుదిస్తామని ముందు ఎన్‌ఐహెచ్ (ఆరోగ్య పరిశోధనకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ, నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్), తర్వాత ఎన్‌ఎస్‌ఎఫ్ ప్రకటించాయి. విశ్వవిద్యాలయాలు, రాష్ట్రాలు కోర్టుకెళ్లి ఆ నిర్ణయాలను అడ్డుకున్నాయి.

ఎన్‌ఐహెచ్ దగ్గర ఇలాంటివి లేవా?

ఉన్నాయి. ఆర్21 అనే గ్రాంట్ రెండేళ్లకు మొత్తం 2.75 లక్షల డాలర్లు ఇస్తుంది, ఏ ఒక్క ఏడాదిలోనూ 2 లక్షలు దాటకూడదు. ఓవర్‌హెడ్ దీనికి అదనం, కాబట్టి చేతికొచ్చేది ఈగర్ కంటే ఎక్కువే. ప్రిలిమినరీ డేటా అక్కర్లేదని నిబంధనల్లో ఉంది. కానీ ఇది మామూలు సమీక్ష కమిటీకే వెళ్తుంది. పక్క ప్రపోజల్‌లో అందమైన గ్రాఫులు కనిపిస్తుంటే, లేనివాళ్లను అదే చూపుతో చూడటం మనుషులకు కష్టం. ఖాళీ చేతులతో ఆర్21కి వెళ్లొద్దని సీనియర్లు చెప్పేది అందుకే.

ఇంకా పెద్దవీ ఉన్నాయి. 2004లో మొదలైన పయనీర్ అవార్డు ఏడాదికి 7 లక్షల డాలర్ల చొప్పున ఐదేళ్లు ఇస్తుంది. కెరీర్ మొదట్లో ఉన్నవాళ్లకు న్యూ ఇన్నొవేటర్ అవార్డు ఉంది, అది ఐదేళ్లకు 15 లక్షలు. రెండింటిలోనూ ప్రాజెక్టు వివరాల కన్నా మనిషి ఆలోచన మీద పందెం ఎక్కువ.

బ్రెయిన్ ఇనిషియేటివ్ సంగతేంటి? దాని నిధులు ఎందుకు పడిపోయాయి?

2013 ఏప్రిల్ 2న ఒబామా ప్రకటించిన కార్యక్రమం ఇది. ఎన్‌ఐహెచ్, ఎన్‌ఎస్‌ఎఫ్, రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పా మొదటి భాగస్వాములు. కోర్నీలియా బార్గ్‌మన్, విలియం న్యూసమ్ నాయకత్వంలోని నిపుణుల బృందం 2014లో ఇచ్చిన నివేదిక, 12 ఏళ్లలో 450 కోట్ల డాలర్లు కావాలంది. ఆ నివేదిక తెలివి ఎక్కడుందంటే, ఫలానా జబ్బు నయం చేస్తామని కాకుండా, ముందు పనిముట్లు తయారు చేద్దామంది. కణాలను రకాలవారీగా లెక్కించడం, కనెక్షన్ల పటాలు గీయడం, ఒకేసారి వేల న్యూరాన్లను రికార్డు చేయడం, వాటిని మీట నొక్కినట్టు నియంత్రించడం.

ఇక నిధులు. 2016 డిసెంబర్‌లో వచ్చిన 21వ శతాబ్దపు చికిత్సల చట్టం పదేళ్లలో ఈ కార్యక్రమానికి 151.1 కోట్ల డాలర్లు కేటాయించింది. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ఏటా ఇచ్చే మామూలు కేటాయింపుకు ఇది అదనం. కానీ దీన్ని సమానంగా పంచలేదు. 2023 ఆర్థిక సంవత్సరానికి 45 కోట్లు పెట్టి, 2024కు 17.2 కోట్లు, 2025కు 9.1 కోట్లు అని చట్టంలోనే రాసేశారు. పడిన గుంతను మామూలు కేటాయింపుతో పూడుస్తారన్నది అందరి ఆశ. కాంగ్రెస్ పూడ్చలేదు. ఎన్‌ఐహెచ్ బ్రెయిన్ ఇనిషియేటివ్ మొత్తం 2023లో 68 కోట్ల నుంచి 2024లో 40.2 కోట్లకు, 2025లో 32.1 కోట్లకు దిగింది.

శాస్త్రం విఫలమై నిధులు తగ్గాయని చాలామంది అనుకుంటారు. 2024 కోత మాత్రం ఏడేళ్ల ముందే కాగితం మీద ఉన్న కోత. రాజకీయంగా అది ఎవరి తప్పన్నది వేరే చర్చ. ల్యాబుల్లో జరిగింది మాత్రం ఒకటే, కోత పడ్డప్పుడు నడుస్తున్న పెద్ద ప్రాజెక్టులను మధ్యలో ఆపడం కష్టం కాబట్టి ముందు ఆగేది కొత్త గ్రాంట్లు.

చిన్న చిన్న గ్రాంట్ల కన్నా ఒక భారీ ప్రాజెక్టు మేలు కదా?

ప్రశ్న స్పష్టంగా, కొలవగలిగేలా ఉంటే భారీ ప్రాజెక్టే మేలు. నిఘా సంస్థల పరిశోధన విభాగమైన ఐయార్పా 2016లో మొదలుపెట్టిన మైక్రాన్స్ అలాంటిది. ఎలుక దృష్టి ప్రాంతంలో ఒక ఘన మిల్లీమీటరు ముక్కను, ఇసుక రేణువంత అన్నమాట, కణకణంగా పటం గీయడం పని. 2025 ఏప్రిల్‌లో ఫలితాలు వచ్చాయి. దాదాపు 2 లక్షల కణాలు, 52 కోట్లకు పైగా సినాప్సులు (న్యూరాన్లు ఒకదానితో ఒకటి కలిసే చోట్లు), అందులో సుమారు 75 వేల న్యూరాన్ల పనితీరు రికార్డు. విడి ల్యాబులు వందేళ్లు కూర్చున్నా చేయలేని పని.

ప్రశ్నే ఇంకా కుదురుకోనప్పుడు భారీ ప్రాజెక్టు ఏమవుతుందో యూరప్‌లో చూశాం. మనిషి మెదడును కంప్యూటర్‌లో సిమ్యులేట్ చేస్తామని హెన్రీ మార్‌క్రమ్ ముందుకు తెచ్చిన హ్యూమన్ బ్రెయిన్ ప్రాజెక్టు 2013లో మొదలైంది. ఏడాది తిరక్కుండానే, దాని దిశ తప్పిందంటూ వందల మంది శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాశారు. నాయకత్వం మారింది, లక్ష్యం మారింది. 2023లో ముగిసేసరికి డేటా, సాఫ్ట్‌వేర్ వేదికలు, అట్లాసులు మిగిలాయి. అవి పనికొచ్చేవే, కానీ మొదట అమ్మిన కల అది కాదు.

మెదడు విషయంలో సరైన ప్రశ్న ఏదో మనకింకా తెలియదు కాబట్టి, డబ్బులో తగినంత భాగం చిన్న పందేలకు ఉంచాలన్నది నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లు రంగంలో చాలామందే ఉన్నారు.

ఫలితం రాకపోతే డబ్బు వెనక్కి ఇవ్వాలా?

అక్కర్లేదు. ఏం చేశారో, ఏం తెలిసిందో నివేదిక ఇవ్వాలి. చెప్పిన పని నిజాయతీగా చేసి, ఆలోచన తప్పని తేలితే అది కూడా ఫలితమే. డబ్బును వేరేదానికి వాడితే, డేటా కల్పిస్తే కథ వేరు. అప్పుడు దర్యాప్తు, నిషేధం దాకా వెళ్తుంది.

ఇలాంటివి వృథా ఖర్చని రాజకీయ నాయకులు ఎగతాళి చేస్తుంటారే?

ఇది పాత ఆట. సెనెటర్ విలియం ప్రాక్స్‌మైర్ 1975 నుంచి 1988 వరకు వృథా ఖర్చులకు వెక్కిరింత అవార్డులు ఇచ్చాడు. మొట్టమొదటిది మనుషులు ఎందుకు ప్రేమలో పడతారో అధ్యయనం చేయడానికి 84 వేల డాలర్లిచ్చినందుకు ఎన్‌ఎస్‌ఎఫ్‌కే దక్కింది. నిజంగా పనికిమాలిన ప్రాజెక్టులు ఉండవని కాదు. కానీ శీర్షిక చూసి తేల్చడం కుదరదు. నాచు కణం వెలుగు వైపు ఎలా ఈదుతుందన్న జర్మన్ పరిశోధన చూసి ఎవరైనా నవ్వేవారే. ఆ నాచులో దొరికిన ప్రోటీన్‌నే 2005లో స్టాన్‌ఫర్డ్‌లో న్యూరాన్లలో పెట్టి, వెలుగుతో వాటిని పనిచేయించారు. ఈ పద్ధతి పేరే ఆప్టోజెనెటిక్స్, ఇప్పుడు అది లేని న్యూరోసైన్స్ విభాగాన్ని ఊహించలేం.

సైన్యం, నిఘా సంస్థలు ఎందుకు డబ్బు పెడుతున్నాయి?

గాయపడిన సైనికుల జ్ఞాపకశక్తి, కృత్రిమ చేతులు ఒక కారణం. తక్కువ కరెంటుతో నడిచే చిప్పులు ఇంకో కారణం. డార్పా డబ్బుతో ఐబీఎం 2014లో చూపించిన ట్రూనార్త్ చిప్‌లో 10 లక్షల కృత్రిమ న్యూరాన్లున్నాయి. ఈ సంస్థల్లో మేనేజర్ల చేతిలో అధికారం ఎక్కువ, గడువులు కఠినం. ఇష్టం లేనివాళ్లు ఆ డబ్బు తీసుకోరు, అలాంటి ప్రొఫెసర్లూ ఉన్నారు.

ప్రయోగాల్లో నైతికతను ఎవరు చూస్తారు?

జంతువులైనా మనుషులైనా, సంస్థలోని అనుమతి కమిటీ ఒప్పుకోకుండా ప్రభుత్వ డబ్బు ఖర్చు పెట్టలేరు. మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టించుకునే వలంటీర్ల విషయంలో ఇంకా తేలని ప్రశ్నలున్నాయి. 2023లో స్టాన్‌ఫర్డ్ బృందం, మాట పోయిన ఒకరి మెదడు సంకేతాల నుంచి నిమిషానికి 62 పదాలు రాబట్టింది. అద్భుతమే. మరి ట్రయల్ ముగిశాక, గ్రాంట్ అయిపోయాక ఆ పరికరం సంగతి ఎవరు చూడాలి? బ్యాటరీ మార్చాలంటే ఎవరివ్వాలి? బ్రెయిన్ ఇనిషియేటివ్ న్యూరోఎథిక్స్‌కు ప్రత్యేకంగా నిధులిస్తోంది కానీ, ఈ ప్రశ్నకు ఇప్పటికీ అందరూ ఒప్పుకునే జవాబు లేదు.

ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థులకు ఈ డబ్బు అందుతుందా?

అందుతుంది. గ్రాంట్ విశ్వవిద్యాలయానికి వస్తుంది, ప్రొఫెసర్ అందులోంచి రీసెర్చ్ అసిస్టెంట్‌గా పెట్టుకుంటారు. మామూలుగా దీనికి పౌరసత్వం అడ్డు కాదు. విద్యార్థి పేరు మీదే వచ్చే ఫెలోషిప్పులు వేరు. ఎన్‌ఎస్‌ఎఫ్ గ్రాడ్యుయేట్ ఫెలోషిప్, ఎన్‌ఐహెచ్ ఎఫ్31 వంటివి పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు పరిమితం. పోస్ట్‌డాక్ దశలో ఎన్‌ఐహెచ్ ఇచ్చే కె99 అనే గ్రాంట్‌కి మాత్రం వీసా మీద ఉన్నవాళ్లూ దరఖాస్తు చేసుకోవచ్చు. చాలామందికి ఇది ఆలస్యంగా తెలుస్తుంది, అప్పటికి గడువు దాటిపోతుంది.

ఎవరికి ఎంత ఇచ్చారో మామూలు మనుషులు చూడొచ్చా?

చూడొచ్చు, ఖాతా కూడా అక్కర్లేదు. ఎన్‌ఎస్‌ఎఫ్ సైట్‌లో అవార్డ్ సెర్చ్, ఎన్‌ఐహెచ్‌కు రిపోర్టర్ అనే డేటాబేస్ ఉన్నాయి. ఈగర్ అని, న్యూరల్ అని కొట్టి వెతికితే సారాంశం, మొత్తం, ప్రొఫెసర్ పేరు, గడువు అన్నీ వస్తాయి. కొత్తగా ప్రపోజల్ రాసేవాళ్లు ముందు అక్కడ ఒక సాయంత్రం గడపడం మంచిది, ఏ ఆఫీసర్ ఎలాంటి ఆలోచనలకు మొగ్గుతున్నారో ఆ సారాంశాల్లోనే కనిపిస్తుంది. ఫలితాల డేటా కూడా చాలావరకు తెరిచే ఉంటుంది. 2024లో పూర్తయిన పండు ఈగ మెదడు పటం, 1,39,255 న్యూరాన్లతో సహా, ఫ్లైవైర్ సైట్‌లో ఎవరైనా తిప్పి చూసుకోవచ్చు.